పన్నెండు జాడీలకు ఒకే గరిటె

జూన్ 4

జాడీలు పన్నెండు. గది వేడి ముప్పయి ఏడు. అన్నీ కొట్టుకుంటున్నాయి.

ఈ మూడు ముక్కలూ రాసి సంతకం పెడితే నా పని అయిపోయినట్టే. కానీ పేజీకి ఇరవై గీతలున్నాయి. ఖాళీగా వదిలితే తనిఖీకి వచ్చినవాళ్లు గీతల మీద వేలు పెట్టి, ఇక్కడ ఏమీ జరగలేదా అని అడుగుతారు. అందుకని ఏదో ఒకటి రాస్తుంటాను. పదేళ్ల కిందట యంత్రాల్లో దాచిన వివరాలన్నీ ఎవరో ఒక్క పూటలో మార్చేశారట. అప్పటినుంచి జాడీల గదిలో జరిగేదంతా చేత్తో, సిరాతో, కుట్టిన పుస్తకంలో రాయాలని చట్టం. పేజీలకు అంకెలు ముందే అచ్చువేసి ఇస్తారు. ఇంతవరకు నా పుస్తకాన్ని పూర్తిగా చదివిన మనిషి లేడు. ఆ సంగతి తెలుసు కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

పొద్దున అయిదింటికి తలుపు మీద బొటనవేలు పెట్టాను. ఈ తలుపు నా వేలికి తప్ప ఇంకెవరి వేలికీ తెరుచుకోదు. చేతులు మోచేతిదాకా కడుక్కుని, వరసగా ఒక్కో జాడీ దగ్గర నిలబడి, గడియారం చూస్తూ నిమిషం పాటు కొట్టుకోవడం లెక్కపెట్టాను. ఒకటో జాడీ అరవై ఒకటి. రెండు, యాభై తొమ్మిది. ఇలా పన్నెండూ. జాడీలో ఉండేది నిమ్మకాయంత గుండె ముక్క. ఈ ఆటల శిక్షణ గ్రామానికి ఎంపికైన రోజున, పన్నెండేళ్ల వయసులో, ఒక్కో బిడ్డ రక్తపు చుక్కనుంచి మొలిపించింది. దాన్ని తోడు అంటారు. పిల్లలు పెరుగుతారు, పరుగెత్తుతారు, ఏదేదో తింటారు. తోడు మాత్రం నేను పోసింది తప్ప ఇంకేదీ ఎరగదు. పోటీలకు ముందు పిల్లల రక్తం ఒక చుక్క, జాడీ నీళ్లు ఒక చుక్క యంత్రంలో పక్కపక్కన పెడతారు. రెండూ కలిస్తే "ఒకటే" అని పడుతుంది. కలవకపోతే "వేరు" అని పడుతుంది. వేరు పడితే మందు వాడినట్టు లెక్క, ఆ బిడ్డ జన్మలో మళ్లీ పోటీలో అడుగు పెట్టలేదు.

వాటికి పోసేదాని పేరు రికార్డుల్లో పోషక ద్రవం. నేను కూడు అంటాను. ఇరవై రెండేళ్లు హాస్టల్లో వంట చేసిన చెయ్యి ఇది, ఇప్పుడు కొత్త మాటలు నేర్చుకోమంటే ఎక్కడ నేర్చుకుంటుంది. హాస్టల్ వంటిళ్లలోకి యంత్రాలు వచ్చాక నన్ను ఈ గదికి కాపలాదారుగా పంపారు. ఇక్కడా పిల్లలే. నయమేమిటంటే, కూరలో ఉప్పు ఎక్కువైందని వీళ్లెవరూ మూతి ముడవరు.

జూన్ 11

జాడీలు పన్నెండు. వేడి ముప్పయి ఏడు. అన్నీ కొట్టుకుంటున్నాయి.

ఈ రోజు మనసు బాగాలేదు. ఎందుకో రాస్తాను.

వారానికొకసారి కూడు సీసాలు వస్తాయి, జాడీకి ఒకటి. ఎప్పుడూ తెల్ల మూతలే. ఈసారి డాక్టర్ శ్రీవత్స గారు స్వయంగా తెచ్చారు. ఆయన ఈ గ్రామానికి పెద్ద వైద్యుడు. పదకొండు సీసాలకు నీలం మూతలు, ఒకదానికి తెల్ల మూత. తెల్ల మూత సీసా మీద తొమ్మిది అని అంకె వేసి ఉంది. పోటీలు దగ్గర పడ్డాయి కాబట్టి జాడీలకూ కొంచెం బలం కావాలని, నీలం మూతలో కొత్త పోషకం ఉందని చెప్పారు. తొమ్మిదికి ఎందుకు లేదని అడిగాను. దానికి అవసరం లేదన్నారు. ఎందుకు అవసరం లేదని మళ్లీ అడిగాను. పోయమన్నవి పోయండి నూకరత్నం గారూ అని నవ్వి వెళ్లిపోయారు.

తొమ్మిది దమయంతిది. కొర్రా దమయంతి, అయిదు వేల మీటర్లు పరుగెత్తుతుంది. ఈ కొండకు అవతలి ఊరి పిల్ల, పందొమ్మిదేళ్లు. డాక్టరు గారికీ ఆమెకూ నెలరోజులుగా పడటం లేదని అందరికీ తెలుసు. సాయంత్రం పూట పిల్లలందర్నీ వైద్య గదికి పిలిచి ఎండదెబ్బ తగలకుండా సూది వేస్తారు. కొండ దిగువ ఊళ్లలో పొద్దున ఎనిమిదికే నలభై ఆరు డిగ్రీలు, పోటీలు జరిగేది అక్కడే. దమయంతి ఆ సూదికి వెళ్లదు. మొండిఘటమని ఆమెకు పేరు పడింది.

అంటే పిల్ల మీద కోపం జాడీ మీద చూపిస్తున్నారన్నమాట. నాకు ఒళ్లు మండింది. హాస్టల్లో ఒక వార్డెను ఇలాగే తనకు నచ్చిన పిల్లలకు గుడ్డు, నచ్చనివాళ్లకు గుడ్డు లేని పులుసు పెట్టించేవాడు. నేను గుడ్లన్నీ నలిపి పులుసులో కలిపేసి అందరికీ ఒకే గరిటెతో వడ్డించాను. దానికి నన్ను మూడు ఊళ్లు తిప్పారు. తిప్పనీ. ఒక వరసలో కూర్చోబెట్టినవాళ్లకు ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి వడ్డించడం పంక్తిభేదం. అది నా చేత్తో జరగదు.

అందుకని పెద్ద గాజుపాత్ర మరగబెట్టి చల్లార్చి, పన్నెండు సీసాలూ అందులో పోసి కలిపి, మళ్లీ ఒకే కొలతతో పన్నెండు వాటాలు వేశాను. అన్ని జాడీలకూ అదే పోశాను. అలవాటు ప్రకారం కలపకముందు ఒక్కో సీసాలోంచి చెంచాడు, కలిపాక ఒక చెంచాడు చిన్న గొట్టాల్లో పట్టి, తేదీ వేసి, మంచుపెట్టెలో అడుగున పెట్టాను. ఇలా పెట్టమని ఇక్కడ ఎవరూ చెప్పలేదు. పూర్వం ఒకసారి హాస్టల్లో నలభై ముగ్గురు పిల్లలు వాంతులతో పడిపోయారు. తప్పు నూనెది. కానీ చూపించడానికి నా దగ్గర చుక్క మిగల్లేదు, నింద నాకు మిగిలింది. ఆనాటి నుంచి వండకముందు బియ్యం, వండాక అన్నం, రెండూ తీసిపెట్టకుండా నేనెవరికీ ఏదీ వడ్డించలేదు.

జూన్ 19

జాడీలు పన్నెండు. వేడి ముప్పయి ఏడు. అన్నీ గట్టిగా కొట్టుకుంటున్నాయి.

నిన్న కొత్త సీసాలు వచ్చాయి. మళ్లీ పదకొండు నీలం, ఒకటి తెలుపు. మళ్లీ కలిపాను, తీసిపెట్టాను, పోశాను. కొత్త కూడు పడ్డాక ముక్కలు ఎంత ఎర్రబడ్డాయో చెప్పలేను. లెక్కపెట్టడానికి వంగితే జాడీ మూత కూడా కదులుతున్నట్టుంది. అందరికన్నా తొమ్మిదోది కళకళలాడుతోంది. అది చూసి మురిసిపోయాను. డాక్టరు గారి పంతం నెగ్గలేదని లోపల్లోపల నవ్వుకున్నాను.

ఈ రోజు దమయంతి వంతు. పిల్లలు వారానికొకసారి అద్దం అవతల నిలబడి తమ తోడును చూసుకోవచ్చు. చాలామంది రారు. ఈ పిల్ల మాత్రం ప్రతివారం వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఊళ్లో పసిబిడ్డను చూడ్డానికి వచ్చినట్టు చూస్తుంది. బాగా ఎదిగిందని నన్ను మెచ్చుకుంది. నేనేం చేశానో చెప్పలేదు. చేసిన ఉపకారం చెప్పుకోవడం నాకు చేతకాదు.

పరుగెత్తే మిగతా పిల్లలు పదిరోజుల్లో ఇరవై సెకన్లు తగ్గించారని చెప్పింది. తను ఎప్పటిలాగే పదిహేను నిమిషాల ఇరవై రెండు దగ్గరే ఉందట. మాటలో ఏడుపు లేదు కానీ బూట్ల లేసు మూడుసార్లు విప్పి కట్టుకుంది. సూది వేయించుకోకపోవడం వల్లనేమో అన్నాను నేను.

"ఆ మందు పేరేటని అడిగినాను పిన్నీ. చెప్పనేదు. మా నానమ్మ మందిచ్చేముందు ఆకు చూపిస్తాది. వాసన చూడమంటాది. అప్పుడు గానీ మింగమనదు. పేరు లేని మందు నాకొద్దు" అంది.

మంచిదే, కానీ పెద్దవాళ్లతో పంతాలు వద్దని చెప్పి పంపించాను. పంతం సంగతి నేను చెప్పడం, అదీ ఆ కొలపాత్ర చేత్తో పట్టుకుని.

జూన్ 25

జాడీలు పన్నెండు. వేడి ముప్పయి ఏడు.

అయిదో జాడీ తప్పింది. నిమిషంలో ఒక్కసారే. అరవై మూడు లెక్కపెట్టాల్సినచోట మధ్యలో ఒక ఖాళీ వచ్చింది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు. మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ అక్కడే. ఎనిమిదేళ్లలో ఏ జాడీ తప్పడం నేను చూడలేదు. డాక్టరు గారికి చీటీ పంపాను. కలవరపడవద్దు అని జవాబొచ్చింది.

మూడోవారం సీసాలు కూడా ఈ రోజే వచ్చాయి. కలిపి పోశాను.

జూన్ 27

జాడీలు పన్నెండు. మూడు తప్పుతున్నాయి: అయిదు, ఏడు, తొమ్మిది.

పోటీలకు వెళ్లేముందు జరిపే పరీక్ష ఈ రోజు. పన్నెండుమందీ వరసగా బెంచీ మీద కూర్చున్నారు. నేను ఒక్కో జాడీలోంచి చుక్క తీసి ఇస్తుంటే, డాక్టరు గారు యంత్రంలో పెడుతున్నారు. ఎనిమిది వరకూ ఒకటే, ఒకటే అని పడింది. తొమ్మిదికి వేరు అని పడింది.

యంత్రం తప్పేమోనని మళ్లీ పెట్టారు. వేరు. చుక్క మార్చి పెట్టారు. వేరు.

దమయంతి లేచి నిలబడింది. యంత్రం వైపు కాదు, నా వైపు చూసింది. నేను తలొంచుకున్నాను. ఎందుకు వంచుకున్నానో అప్పటికి నాకు తెలియదు. డాక్టరు గారి మొహం చూశాను. ఆయనా తెల్లబోయారు, అది నటన కాదు. కానీ అరగంటలో తేరుకున్నారు. మధ్యాహ్నానికి గ్రామం ద్వారం దగ్గర కెమెరాల ముందు నిలబడి, మా పిల్లే అయినా సరే వదిలిపెట్టలేదని, ఇంత నిక్కచ్చిగా పరీక్ష చేసే చోటు ఇంకెక్కడా లేదని చెబుతున్నారు. దమయంతిని అతిథి గదిలో పెట్టి బయట మనిషిని నిలబెట్టారు. విచారణ జూలై రెండున. జట్టు బయల్దేరేది ఆరున.

జూన్ 28

జాడీలు పన్నెండు. అయిదు తప్పుతున్నాయి.

పొద్దున్నించీ ఆ బెంచీయే కళ్లముందు మెదులుతోంది. పదకొండుమంది సూది వేయించుకున్నారు, వాళ్లకు ఒకటే అని పడింది. వేయించుకోని పిల్లకు వేరు అని పడింది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాసి చూసేదాకా నా బుర్రకు ఎక్కలేదు. సూదిలో ఉన్నదీ నీలం సీసాలో ఉన్నదీ ఒకటే. పిల్లలకు ఎక్కించిందే జాడీలకూ ఎక్కిస్తే రెండూ కలుస్తాయి, యంత్రానికి తేడా తెలియదు. దమయంతి వద్దంది కాబట్టి ఆమె జాడీకి పాత కూడే పంపారు. అది శిక్ష కాదు. ఆ పన్నెండింటిలో మంచి కూడు అదొక్కటే. దాన్ని కలిపి పాడుచేసింది నేను.

నేను. నా చేత్తో. సమానంగా.

మధ్యాహ్నం డాక్టరు గారు వచ్చారు. రెండు టీలు తెచ్చారు, ఎప్పుడూ తేని మనిషి. తొమ్మిదో జాడీకి ఏ సీసా పోశానని అడిగారు. అందరికీ పోసిందే పోశానన్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. 

తరవాత నెమ్మదిగా చెప్పారు. తోడును పాడుచేసిన కాపలాదారుకు చట్టంలో ఏడేళ్లు. నాకు యాభై ఎనిమిది. పుస్తకంలో పేజీ చించడానికి లేదు, అంకెలున్నాయి. కానీ టీ ఒలకవచ్చు. పదకొండో తేదీ పేజీ మీద ఒలికిందని ఇంకో పేజీలో రాసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

"మీరు నోరు విప్పితే ఆ అమ్మాయి ఒక్కతే బయటపడుతుంది. పదకొండుమంది ఇంటికెళ్తారు, మీరు జైలుకెళ్తారు. ఒక్కరికోసం పన్నెండుమందా? మీరే చెప్పండి, అది సమానమా?"

పిల్లలకు తెలుసా ఏం ఎక్కిస్తున్నారో అని అడిగాను.

"వాళ్లు అడగలేదు" అన్నారు.

జాడీలు తప్పుతున్నాయని చెప్పాను. ముక్క చిన్నది కాబట్టి ముందు దానికి కనబడుతుందని, పిల్లల గుండె పెద్దదని, పోటీలు అయ్యేలోగా ఏమీ కాదని అన్నారు. పోటీలు అయ్యాక సంగతి నేను అడగలేదు. ఆయన తన టీ తాగి, నా టీ పుస్తకం పక్కకు జరిపి వెళ్లిపోయారు.

నేను ఆ టీ తాగేశాను, పొరపాటున కూడా ఒలక్కుండా. అంతమాత్రాన ధైర్యం వచ్చిందని కాదు.  ఏడేళ్లంటే నాకు భయంగా ఉంది. అది రాయడానికి సిగ్గుపడటం లేదు.

జూన్ 30

జాడీలు పన్నెండు. తొమ్మిది తప్పుతున్నాయి. పదకొండోది నిమిషానికి నాలుగుసార్లు.

ఆ పదకొండోది ఎత్తుదూకే సురేఖది. పొద్దున ఆ పిల్ల మైదానంలో దూకుతుంటే కిటికీలోంచి చూశాను. దూకి పరుపు మీద పడ్డాక లేవడానికి కొంచెం ఆలస్యమైంది. గుండె మీద అరచెయ్యి పెట్టుకుని, మళ్లీ నవ్వుతూ లేచింది.

ఇంట్లో ఉప్మా చేసి అతిథి గదికి తీసుకెళ్లాను. కాపలా ఉన్నాయన నా పాత హాస్టల్ వాడే, వదిలాడు. దమయంతి మంచం మీద కాదు, కింద గోడకు ఆనుకుని కూర్చుంది. మూడురోజుల్లో మనిషి సగమైంది. వాళ్ల ఊళ్లో ఆమె బొమ్మ గీసిన గోడకు ఎవరో సున్నం కొట్టేశారట. అది చెప్పినప్పుడు కూడా ఏడవలేదు. తరవాత ఇలా అంది.

"నానేటీ తిన్నేదు పిన్నీ. నాకు తెలిసి తిన్నేదు. మూడురోజులనుంచి గుర్తు చేసుకుంటన్నాను, ఎక్కడ టీ తాగినాను, ఎవరిచ్చిన పండు తిన్నాను అని. యంత్రం అబద్ధం చెప్పదంటారు గదా. అయితే నా ఒళ్లే నాకు అబద్ధం చెప్తందేమో."

అప్పుడు చెప్పేశాను. నీలం మూతలు, తెల్ల మూత, గాజుపాత్ర, ఒకే కొలత. అన్నీ చెప్పాను. నీకు తక్కువ చెయ్యకూడదనే చేశానమ్మా అన్నాను. ఆ మాట బయటికొచ్చాక ఎంత చిన్నగా వినబడిందో.

ఆమె గిన్నె తీసుకుని తినడం మొదలుపెట్టింది. సగం తిన్నాక తలెత్తింది.

"ఆ సీసా మీద మందు పేరు రాసుందా?"

లేదన్నాను.

"పేరు లేనిది నువ్వెలాగ పోసినావు పిన్నీ?"

 తొమ్మిదికి ఎందుకు లేదని డాక్టరు గారిని రెండుసార్లు అడిగాను. అందులో ఏముందని ఒక్కసారీ అడగలేదు. అందరికీ సమానంగా అందుతోందా లేదా అన్నదే చూశాను, అందుతున్నదేమిటో చూడలేదు. ఇరవై రెండేళ్ల వంట, ఎనిమిదేళ్ల కాపలా, చివరికి ఈ పందొమ్మిదేళ్ల పిల్ల అడిగిన ప్రశ్న నాకు తట్టలేదు. గిన్నె కడుక్కుని తిరిగొచ్చాను.

విచారణ ఎల్లుండే. ఇక ఆలోచించేది లేదు. పదకొండుమంది మీద జాలితో నోరు మూసుకుంటే, ఆ పదకొండు గుండెలకూ నేను ఇంకా కూడు పోస్తున్నట్టే.

జూలై 2

జాడీలు పన్నెండు. పన్నెండూ తప్పుతున్నాయి.

విచారణ సంఘం అధ్యక్షురాలు తురగా హైమవతి గారు, పూర్వం న్యాయమూర్తి. మొదట డాక్టరు గారు మాట్లాడారు. దమయంతిని చిన్నప్పటినుంచి కూతురిలా చూశానని, ఇలా చేస్తుందనుకోలేదని చెప్పారు. దమయంతి తన వంతు వచ్చినప్పుడు, నేను ఏ మందూ తీసుకోలేదు అని ఒక్క వాక్యం చెప్పి కూర్చుంది.

నేను పుస్తకమూ, మంచుగడ్డల డబ్బాలో గొట్టాలూ పట్టుకుని లేచాను. నా పేరు సాక్షుల జాబితాలో లేదన్నారు. చట్టం ప్రకారం ఈ పుస్తకమే సాక్షి, నేను దాన్ని మోసుకొచ్చిన మనిషినన్నాను. హైమవతి గారు కళ్లద్దాలు పెట్టుకుని పదకొండో తేదీ పేజీ పైకి చదివారు. గుడ్ల పులుసు దగ్గర ఎవరో నవ్వారు. పంక్తిభేదం అన్న మాట దగ్గర ఆవిడ పైకి చదవడం ఆపారు. అక్కణ్ణించి తనలో తాను చదువుకున్నారు. ఆ పేజీ, తరవాతి పేజీలు, టీ సంగతి వరకూ. ఎనిమిదేళ్లలో నా పుస్తకం చదివిన మొదటి మనిషి ఆవిడ.

గొట్టాలన్నీ సంఘం తెచ్చిన యంత్రంలో పెట్టి చూడటానికి రెండు గంటలు పట్టింది. నీలం మూత సీసాల్లోంచి తీసిన ముప్పయి మూడు గొట్టాల్లోనూ ఒకే మందు. తెల్ల మూతవి మూడూ శుభ్రం. నేను కలిపినవి మూడూ మందే. పదకొండుమంది పిల్లల రక్తంలోనూ అదే ఉంది. గుండెను కొన్నాళ్లు పరుగెత్తించి తరవాత బిరుసెక్కించి పాడుచేసే మందట. దానికి ఇంకా పేరు పెట్టలేదని యంత్రం దగ్గర కూర్చున్న అమ్మాయి చెప్పింది. దమయంతి అది విని కళ్లు మూసుకుంది.

మీరు రాసింది మీకు శిక్ష తెస్తుందని తెలుసా అని హైమవతి గారు అడిగారు. తెలుసన్నాను. భయంగా లేదా అన్నారు. ఉందండీ అన్నాను.

జూలై 3

జాడీలు పన్నెండు. నీలం సీసాలు ఆపేశాను. కోలుకుంటాయో లేదో తెలియదు.

తీర్పు వచ్చింది. డాక్టరు గారినీ, ఆయన వెనక ఉన్న శిక్షణ గ్రామం పెద్దలు ముగ్గురినీ పట్టుకెళ్లారు. పదకొండుమంది పిల్లల్ని పోటీలనుంచి తీసేసి ఆస్పత్రికి పంపుతున్నారు. మందు ఇప్పుడు ఆపితే గుండెలు దక్కుతాయని అక్కడి వైద్యులు చెప్పారట. సురేఖ బండి ఎక్కేముందు నా దగ్గరికొచ్చింది. దండం పెడుతుందేమోనని పిచ్చిదాన్ని అనుకున్నాను. నా ఎనిమిదేళ్లు తినేశారు పిన్నీ అని చెప్పి ఎక్కేసింది. 

దమయంతి నిర్దోషి అని రాశారు. ఆ కింద ఇంకో వాక్యం ఉంది. ఆమె తోడు కలుషితమైంది కాబట్టి, పోల్చి చూసే ఆధారం లేదు కాబట్టి, ఏ పోటీలోనూ ఆమెను అనుమతించడానికి నియమాలు ఒప్పుకోవు. పన్నెండేళ్ల వయసులో తీసిన చుక్కనుంచే తోడు మొలవాలి. ఆ చుక్క అయిపోయి ఏడేళ్లయింది. అంటే ఆమె తప్పు చెయ్యలేదని అందరికీ తెలుసు, అది రుజువు చేసేది ఒక్కటీ మిగల్లేదు. హైమవతి గారు ఆ వాక్యం చదివాక దమయంతి వైపు చూడలేకపోయారు.

నేను గదికొచ్చి తొమ్మిదో జాడీ ముందు కూర్చుని ఏడ్చాను. గీతల మీద రాయాల్సిన విషయం కాదు. కానీ ఇక్కడ జరిగిందంతా రాయాలన్నారు.

జూలై 6

ఈ రోజు పదింటికి జాడీలు తీసుకెళ్లడానికి బండి వస్తుంది. పుస్తకం కూడా అప్పగించాలి. నా కేసు వచ్చే నెల.

పొద్దున అయిదింటికి తలుపు దగ్గర దమయంతి నిలబడి ఉంది. కాళ్లకు బూట్లు ఉన్నాయి. తోడును చూడ్డానికి వచ్చిందనుకుని అద్దం వైపు చెయ్యి చూపించాను. అటు చూడలేదు.

"ఈ పుస్తకంలో నువ్వు ఏది రాసినా సాక్ష్యమే కదా పిన్నీ?"

అవునన్నాను.

"అయితే గడియారం తీసుకుని రా."

మైదానంలో ఎవరూ లేరు. ఎండ ఇంకా కొండ దిగలేదు. గీత దగ్గర నిలబడి, నేను చెయ్యి దించేదాకా ఆగింది. పన్నెండున్నర చుట్లు. ఒక్కో చుట్టు నా ముందునుంచి వెళ్తున్నప్పుడు పుస్తకంలో ఒక్కో గీత గీశాను, పొరపాటు రాకూడదని. తొమ్మిదో చుట్టులో మొహం నల్లబడింది. ఆగిపోతుందేమో అనుకున్నాను. పదకొండో చుట్టుకు మళ్లీ నిటారుగా అయింది. పక్కన పరుగెత్తేవాళ్లు లేరు, ముందు పతకం లేదు. అయినా చివరి మలుపులో ఆ పిల్ల పళ్లు బిగించిన తీరు నేను చచ్చేదాకా మరిచిపోను.

గీత దాటి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి, చెయ్యి నా వైపు చాపింది. ఏం కావాలో అర్థమైంది. మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ, ఇన్నేళ్లూ ఆ గదిలో లెక్కపెట్టినట్టే నిమిషం పాటు లెక్కపెట్టాను.

ముందు ఏమీ తాగించలేదు, ఏమీ ఎక్కించలేదు. పొద్దున తిన్నది వాళ్ల నానమ్మ పంపిన రాగి అంబలి, పేరు అడిగి రాశాను. తీసిపెట్టడానికి చెంచాడు అడిగితే ఇచ్చింది.

కొర్రా దమయంతి. అయిదు వేల మీటర్లు. పదిహేను నిమిషాల ఇరవై సెకన్లు. గుండె నిమిషానికి నూట ఎనభై నాలుగు. ఒక్కటీ తప్పలేదు. నేను చూశాను.

సంతకం: గొర్లె నూకరత్నం, కాపలాదారు.